ఈబుక్ ప్రమోషన్ ప్యాకేజీ కొనబోతున్నారా? డబ్బు కట్టేముందు ఇది చదవండి

సొంతంగా ఈబుక్ వేసుకున్నవాళ్ల కోసం, వేసుకోబోతున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మీ పుస్తకాన్ని లక్షలమంది పాఠకుల ముందు పెడతామని, బెస్ట్‌సెల్లర్ చేసిపెడతామని ఎవరైనా తమంతట తాము మెయిల్ పంపి ప్యాకేజీ అమ్మజూస్తే దయచేసి కట్టకండి. నేను కట్టాను. డబ్బు పోవడం ఒక ఎత్తయితే, ఆ తర్వాత నా పుస్తకానికి జరిగిన నష్టం ఇంకో ఎత్తు. ఆ రెండోదాని గురించి నాకు ముందుగా చెప్పినవాళ్లు లేరు. అందుకే వివరంగా చెబుతున్నాను.

మూడేళ్లు కూర్చుని రాసిన నవల అది. విడుదలైన మొదటి వారం తెలిసినవాళ్లు కొన్నారు. రెండో వారం నుంచి సేల్స్ రిపోర్టులో ఎక్కువ రోజులు సున్నాయే. పొద్దున లేవగానే ఒకసారి, పడుకునేముందు ఒకసారి, మధ్యలో ఎన్నిసార్లో లెక్కే లేదు, ఆ పేజీ తెరిచి చూసుకోవడమే పని. ఆ టెన్షన్ ఎలా ఉంటుందో పుస్తకం వేసినవాళ్లకే తెలుస్తుంది. సరిగ్గా అలాంటి రోజుల్లోనే ఆ మెయిల్ వచ్చింది.

ఆ మెయిల్ చాలా బాగా రాశారు. నా నవలలో సుభద్ర మూడు తరాల మౌనాన్ని ఎలా మోసిందో, ఆమెతో పాటు చివరి పేజీ దాకా తాము ఎలా నడిచారో రాశారు. పేరును మాత్రం 'సుధద్ర' అని రాశారు. టైపింగ్ పొరపాటు అనుకున్నాను. ఎవరో నా పుస్తకం చదివారు, నచ్చిందన్నారు. అంతకుమించి నాకేమీ కనబడలేదు.

అంతా అయిపోయాక ఆ మెయిల్‌నూ, స్టోర్‌లో నా పుస్తకం కింద నేనే రాసిన పరిచయాన్నీ పక్కపక్కన పెట్టి చూశాను. మెయిల్‌లో ఉన్న ప్రతి వివరమూ పరిచయంలో ఉంది. 'మూడు తరాల మౌనం' అన్నది నా మాటే. పరిచయంలో లేనిది ఒక్కటీ మెయిల్‌లో లేదు. సుభద్ర నాలుగో అధ్యాయంలోనే చనిపోతుంది. చివరి పేజీ దాకా ఆమెతో నడవడం ఎవరివల్లా కాదు. ఆ ఒక్క వాక్యం దగ్గర ఆగి ఉంటే నేను మునిగేవాణ్ని కాదు. మీకు ఇలాంటి మెయిల్ వస్తే మొదట ఈ పనే చేయండి: పరిచయంలో లేని ఒక్క సంగతైనా, లోపలి పేజీల్లోది, అందులో ఉందా చూడండి. ఇప్పుడు ఇలాంటి పొగడ్తను ఏఐ నిమిషంలో రాసిపెడుతుంది. రచయితలను మోసాల నుంచి కాపాడటానికి 1998లో మొదలైన 'రైటర్ బివేర్' వాళ్లు ఈ తరహా మెయిళ్ల గురించి 2025లో గట్టిగా హెచ్చరించారు. బుక్ క్లబ్ పేరుతో, పాఠకుల బృందం పేరుతో, ఒక్కోసారి పేరున్న రచయితల పేరుతో కూడా వస్తాయి. చివరికి అన్నీ 'కొద్దిపాటి ఫీజు' దగ్గరికే చేరతాయి.

నాకు అమ్మిన ప్యాకేజీలో మూడు లక్షల మంది ఉన్న మెయిలింగ్ లిస్టులో ప్రచారం, వందకు పైగా ఫేస్‌బుక్ గ్రూపుల్లో పోస్టులు, 'మా పాఠకుల' నుంచి ఇరవై రివ్యూలు, బెస్ట్‌సెల్లర్ గ్యారంటీ ఉన్నాయి. రివ్యూలు కొన్ని తగ్గినా, చెప్పినవన్నీ ఏదో ఒక రకంగా చేశారు. అందుకే తర్వాత నిలదీస్తే 'సేవ పూర్తిగా అందించాం' అన్నారు.

గ్రూపుల సంగతి త్వరగా చెప్పేస్తాను. వాళ్లు పంపిన లింకులు ఒక్కొక్కటీ తెరిచాను. ప్రతి గ్రూపులోనూ నిమిషానికో కవర్ బొమ్మ పడుతోంది. లైకు లేదు, కామెంటు లేదు. అక్కడున్నవాళ్లందరూ పుస్తకం అమ్మడానికి వచ్చిన నాలాంటి రచయితలే. కొనడానికి వచ్చిన మనిషి ఒక్కరూ కనబడలేదు.

మెయిలింగ్ లిస్టు విషయంలో నాకు తెలియకుండానే ఒక మంచి పని చేశాను. స్టోర్ లింకును నేరుగా ఇవ్వకుండా క్లిక్కులు లెక్కపెట్టే చిన్న లింకు తయారుచేసి ఇచ్చాను. ప్రచారం రోజున రెండు గంటల్లో 1,900 క్లిక్కులు. నా ఆనందం అంతా ఇంతా కాదు. సాయంత్రం వివరాలు తెరిస్తే దాదాపు అన్నీ ఒకే దేశం నుంచి, అదీ నా పుస్తకం ఉన్న భాష మాట్లాడని దేశం నుంచి వచ్చాయి. మూడో గంట నుంచి ఒక్క క్లిక్కూ లేదు. ఆ రోజు అమ్ముడైన కాపీలు: సున్నా. మనుషులు మెయిల్ చదివితే అలా ఉండదు. ఒకరు పొద్దున చూస్తారు, ఒకరు రాత్రి చూస్తారు, ఒకరు రెండు రోజుల తర్వాత చూస్తారు. క్లిక్కులు మెల్లగా తగ్గుతూ పోవాలి తప్ప కుళాయి కట్టేసినట్టు ఆగిపోకూడదు.

బెస్ట్‌సెల్లర్ గ్యారంటీని ఎలా నెరవేర్చారో తప్పకుండా తెలుసుకోండి, ఎందుకంటే చాలామంది ఇక్కడే పడిపోతారు. ముందు నా పుస్తకాన్ని ఉచితంగా పెట్టమన్నారు. తర్వాత కేటగిరీ మార్చమన్నారు. నవలకు ఏ సంబంధమూ లేని, పుస్తకాలు పెద్దగా లేని ఒక మారుమూల కేటగిరీ. అలాంటి చోట ఒకేసారి కొన్ని డౌన్‌లోడ్లు పడితే చాలు, ఆ కాసేపు పైకి వచ్చేస్తుంది. ర్యాంకులు తరచూ మారిపోతుంటాయి కాబట్టి ఆ కాసేపట్లోనే స్క్రీన్‌షాట్ తీసుకోవాలి. తీసి పంపారు. మొదటి స్థానంలో నా పుస్తకం. అమెజాన్ లాంటి చోట ఉచిత పుస్తకాల జాబితా వేరు, డబ్బుకు అమ్ముడయ్యే పుస్తకాల జాబితా వేరు. వాళ్లు పంపిన బొమ్మలో 'ఉచితం' అన్న మాట ఉండే అంచును కత్తిరించేశారు. నేను తెరిచి చూసేసరికి ఆ స్థానమూ లేదు. వాపు చూసి బలుపు అనుకోవడం అంటే ఇదే. దానికోసం నా ఉచిత రోజులు కూడా ఖర్చయిపోయాయి. అమెజాన్‌లో సొంతంగా పుస్తకాలు వేసుకునే వేదిక కేడీపీ. దాని 'సెలెక్ట్' పథకంలో అయితే 90 రోజులకు 5 ఉచిత రోజులే ఇస్తారు, ఆ 90 రోజులూ ఈబుక్‌ను ఇంకే స్టోర్‌లోనూ అమ్మకూడదు కూడా. అలాంటి రోజులను ఎవరికో స్క్రీన్‌షాట్ కోసం ధారపోయకండి.

ఇక రివ్యూలు. ఈ మాట వింటేనే ఇప్పటికీ కడుపులో దేవినట్టు ఉంటుంది. నాలుగు రోజుల్లో పద్నాలుగు వచ్చాయి, అన్నీ ఐదు నక్షత్రాలే, అందులో ఆరు ఒకే సాయంత్రం. మొదటిది చూసి కళ్లలో నీళ్లు తిరిగాయి. రెండోది చదివాను: 'హీరో పాత్ర అద్భుతం, సస్పెన్స్ చివరిదాకా పట్టు సడలలేదు.' నా నవలలో హీరో లేడు. సస్పెన్స్ అసలే లేదు. ఒక ముసలామె, ఆమె కూతురు, మనవరాలు, అంతే. ఇంకో రెండు రివ్యూల్లో అవే రెండు వాక్యాలు, ముందుది వెనక్కి, వెనకది ముందుకీ. అప్పుడు కాళ్ల కింద నేల కదిలిపోయినట్టయింది. నిజంగా నా పుస్తకం చదవబోయే మనిషి ఈ రివ్యూలు చూస్తే నా గురించి ఏమనుకుంటారు?

వారం తిరగకుండానే ఆ పద్నాలుగూ మాయమయ్యాయి. స్టోర్ నుంచి హెచ్చరిక మెయిల్ వచ్చింది. ఆ మెయిల్ పంపడం న్యాయమే. డబ్బిచ్చి రాయించుకున్న రివ్యూలను అమెజాన్ నిబంధనలు ఒప్పుకోవు. కుటుంబ సభ్యులు, దగ్గరి స్నేహితులు రాసినవీ, 'నాది నువ్వు రాయి, నీది నేను రాస్తా' అని ఇచ్చిపుచ్చుకున్నవీ కుదరవు. విడుదలకు ముందు ఉచిత కాపీ ఇచ్చి అభిప్రాయం రాయమని అడగవచ్చు, కానీ మంచిగానే రాయాలని షరతు పెట్టకూడదు, దానికి బదులుగా ఏదీ ఇవ్వకూడదు. అమెరికాలో అయితే నకిలీ రివ్యూలు కొనడం, అమ్మడం నిషేధిస్తూ అక్కడి వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ తెచ్చిన నియమం 2024 అక్టోబర్ నుంచి అమల్లో ఉంది.

'నేను చేయలేదు, నేను డబ్బిచ్చిన కంపెనీ చేసింది' అంటే చెల్లదు. బయటి సంస్థ ఏ పద్ధతిలో ప్రచారం చేసినా బాధ్యత రచయితదేనని కేడీపీ నిబంధనల్లో ఉంది. ఫలితం గ్యారంటీ ఇచ్చే సేవలను వాడవద్దని కూడా వాళ్లు సలహా ఇస్తారు. కొన్ని ప్యాకేజీల్లో 'పేజీ రీడ్స్' అమ్ముతారు, వాటి జోలికి అసలు పోకండి. పాఠకులు నెలకింత చందా కట్టి ఈబుక్‌లు చదువుకునే అమెజాన్ సేవ కిండిల్ అన్‌లిమిటెడ్‌లో 2015 జూలై నుంచి రచయితకు చదివిన పేజీల లెక్కన చెల్లిస్తున్నారు. బాట్లతో, అంటే మనుషుల్లా నటించే ప్రోగ్రాములతో, పేజీలు తిప్పించి ఆ లెక్క పెంచడాన్ని వాళ్లు మోసంగానే చూస్తారు. అకౌంటు ఒకసారి రద్దయితే కొత్తది తెరవడానికి కూడా నిబంధనలు ఒప్పుకోవు. ఒక పుస్తకం కాదు, మీరు రాసిన పుస్తకాలన్నీ పోతాయి. లాగిన్ పాస్‌వర్డ్ అడిగేవాళ్లూ ఉన్నారు, నన్నూ అడిగారు. ఆ ఒక్కదానికి మాత్రం నేను ఒప్పుకోలేదు.

ఇంకో నష్టం కంటికి కనబడదు. ఆన్‌లైన్ స్టోర్లు ఒక పుస్తకాన్ని ఎవరికి చూపించాలో, దాన్ని ఇంతవరకు తీసుకున్నవాళ్ల అలవాట్లను బట్టి కూడా తేల్చుకుంటాయి. నా నవలను తీసుకున్నవి దొంగ అకౌంట్లు. వాటి అలవాట్లు పాఠకుల అలవాట్లు కావు. ఉచిత రోజులు అయిపోయాక నా పుస్తకం పేజీలో పక్కన కనబడ్డ పుస్తకాలు చూస్తే కుటుంబ నవల ఒక్కటీ లేదు. ముక్కూ మొహం తెలియని పుస్తకాల మధ్య కూర్చుంది. ప్యాకేజీకి ముందు నెలకు పది కాపీలైనా పోయేవేమో, తర్వాతి రెండు నెలల్లో ఒక్కటే పోయింది.

ప్రచారం అమ్మేవాళ్లందరూ దొంగలే అనడం లేదు. మంచివాళ్లకూ వీళ్లకూ తేడా ఒక్కచోటే తెలుస్తుంది: మంచివాళ్లు మీ వెంట పడరు. తగ్గింపు ధరకు దొరికే ఈబుక్‌ల గురించి పాఠకులకు మెయిల్ పంపే బుక్‌బబ్‌నే చూడండి, అది 2012లో మొదలైంది. వాళ్లు 'ఫీచర్డ్ డీల్' అని పిలిచే ప్రచారం కోసం మనమే దరఖాస్తు చేసుకోవాలి, పుస్తకం ధర కనీసం సగానికి తగ్గించాలి, వాళ్ల ఎడిటర్లు చూసి ఎంచుకుంటారు, తిరస్కరించేవే ఎక్కువ. ఇన్ని కాపీలు అమ్మిపెడతామని చెప్పరు. ఏ సేవ కొనాలన్నా ముందు వాళ్ల మెయిలింగ్ లిస్టులో మీరే పాఠకుడిగా చేరి నెల రోజులు చూడండి. నిజంగా మెయిళ్లు వస్తున్నాయా, అందులో మీ తరహా పుస్తకాలు ఉంటున్నాయా, వాళ్లు ప్రచారం చేసిన రోజున, వారం తర్వాత ఆ పుస్తకాల ర్యాంకు ఎలా ఉందో మీ కళ్లతో చూడండి. నన్ను మోసం చేసినవాళ్ల లిస్టులో చేరడానికి అసలు చోటే లేదు. పాఠకులు చేరే దారి లేకుండా మూడు లక్షల మంది ఎక్కడి నుంచి వచ్చారని అడగాలని అప్పుడు తట్టలేదు.

డబ్బు కట్టే పద్ధతి కూడా చూసుకోండి. పేపాల్‌లో 'ఫ్రెండ్స్ అండ్ ఫ్యామిలీ' కింద పంపమంటే అక్కడే ఆపేయండి, దానికి కొనుగోలుదారు రక్షణ వర్తించదు. నేను కార్డుతో కట్టాను కాబట్టి బ్యాంకులో అభ్యంతరం నమోదు చేయగలిగాను. మొదటి మెయిల్ నుంచి ప్రతిదీ దాచిపెట్టడం, క్లిక్కుల వివరాల స్క్రీన్‌షాట్లు ఉండటం పనికొచ్చాయి. ఇలాంటి అభ్యంతరానికి గడువు ఉంటుంది, కాబట్టి 'ఇంకో వారం చూడండి, ఫలితాలు మెల్లగా వస్తాయి' అన్న మాట నమ్మి కూర్చోకండి. నన్ను అలాగే ఐదు వారాలు ఆపారు.

బ్యాంకుకు రాసిన పదకొండు రోజులకు ఇంకో మెయిల్ వచ్చింది. వేరే పేరు, వేరే చిరునామా. ప్రచార సంస్థల చేతిలో మోసపోయిన రచయితలకు డబ్బు వెనక్కి ఇప్పిస్తారట, ముందుగా కొద్దిపాటి ఫీజు చాలట. నా నవల గురించి కూడా రెండు మంచి మాటలు రాశారు. అందులో కూడా సుభద్ర పేరు 'సుధద్ర' అనే ఉంది. జవాబు ఇవ్వకుండా ఆ మెయిల్‌ను కూడా బ్యాంకుకు పంపిన కాగితాలతో కలిపాను.