అప్‌డేట్ తర్వాత స్క్రీన్ మీద గ్రీన్ లైన్: అమోలెడ్ ఫోన్ ఉన్నవాళ్ళకు, కొనబోయేవాళ్ళకు జాగ్రత్త హెచ్చరిక

మీ ఫోన్ స్క్రీన్ అమోలెడ్ రకమా (ప్రతి చుక్కా తానే వెలిగే స్క్రీన్)? ఏడాది వారంటీ అయిపోయిందా, లేక అయిపోవస్తోందా? "కొత్త ఆండ్రాయిడ్ వెర్షన్ సిద్ధంగా ఉంది" అని రోజూ నోటిఫికేషన్ వచ్చి విసిగిస్తోందా? అయితే ఆ బటన్ నొక్కే ముందు ఒక్కసారి ఇది చదవండి. కొత్త ఫోన్ కొనే ఆలోచనలో ఉన్నవాళ్ళు తప్పకుండా చదవండి.

నాది 30 వేలు దాటిన ఫోన్. హైదరాబాద్‌లో ఒక పెద్ద షోరూంలో బిల్లుతో కొన్నది. కింద పడింది లేదు, నీళ్ళలో తడిసింది లేదు. మొదటి రోజు నుంచీ గ్లాసు, కవరు వేసే ఉన్నాయి. వారంటీ దాటిన కొన్ని నెలలకు పెద్ద అప్‌డేట్ వచ్చింది. రాత్రి చార్జింగ్‌లో ఉండగా ఇన్‌స్టాల్ అయింది. పొద్దున లేచి చూస్తే కుడి అంచు దగ్గర పైనుంచి కింద దాకా వెంట్రుకంత ఆకుపచ్చ గీత. కొద్ది రోజులకే దాని పక్కన గులాబీ రంగులో ఇంకోటి వచ్చింది. ఆ తర్వాత స్క్రీన్ నడిమధ్యలో మూడోది. ఈ మూడోది యూపీఐ పిన్ కొట్టే చోట సరిగ్గా 2, 5, 8, 0 అంకెల మీదుగా నిలువునా దిగుతుంది. కంపెనీ పేరు రాయడం లేదు. ఫిర్యాదు ఇంకా నడుస్తోంది, పైగా ఈ జబ్బు ఒక్క కంపెనీకి పరిమితమైంది కాదు.

సర్వీస్ సెంటర్‌లో జరిగింది చెప్తాను, ఎందుకంటే మీకూ అలాగే జరిగే అవకాశం ఎక్కువ. కౌంటర్‌లో ఉన్నతను ఫోన్‌ని అటూ ఇటూ తిప్పి "ఫిజికల్ డ్యామేజ్ ఉంది సర్" అన్నాడు. ఎక్కడ అని అడిగితే టార్చ్ వేసి, చార్జింగ్ పోర్ట్ పక్కన ఫ్రేమ్ మీద చిన్న గీరు చూపించాడు. చార్జర్ పిన్ తగిలి వాడే ప్రతి ఫోన్‌కీ అక్కడ ఉండేదే అది. "అప్‌డేట్ అయిన మర్నాడే కదండీ ఈ గీత వచ్చింది" అంటే "సాఫ్ట్‌వేర్‌కీ డిస్‌ప్లేకీ సంబంధం ఉండదు సర్" అన్నాడు. ఆ మాట అన్న నోటితోనే "ముందు సాఫ్ట్‌వేర్ మళ్ళీ ఎక్కించి చూద్దాం, డేటా మొత్తం పోతుంది, ఇక్కడ సంతకం పెట్టండి" అని కాగితం ముందుకు తోశాడు. సంబంధమే లేనప్పుడు మళ్ళీ ఎక్కించడం దేనికి? దానికి జవాబు లేదు. డిస్‌ప్లే మార్చడానికి ఎస్టిమేట్ మాత్రం 14 వేల చిల్లర అని చేతిలో పెట్టాడు.

అక్కడ సంతకం పెట్టకండి. గీత సాఫ్ట్‌వేర్ లోపమా, హార్డ్‌వేర్ లోపమా అన్నది ఇంట్లోనే నిమిషంలో తేలిపోతుంది. గీత కనపడుతుండగా స్క్రీన్‌షాట్ తీసి ఇంకో ఫోన్‌కి పంపండి. ఆ ఫోన్‌లో తెరిస్తే బొమ్మలో గీత ఉండదు. అంటే ఆండ్రాయిడ్ తయారు చేసి పంపిన బొమ్మ శుభ్రంగానే ఉంది, అది స్క్రీన్ మీదకు చేరే దారిలో తేడా వచ్చిందన్నమాట. ఇంకా అనుమానం ఉంటే ఫోన్ ఆపి మళ్ళీ ఆన్ చేయండి. ఆండ్రాయిడ్ ఇంకా మొదలు కాకముందే, కంపెనీ లోగో పడేటప్పుడే గీత కనిపిస్తే ఇక ఫార్మాట్ చేసి ఉపయోగం లేదు. మీ ఫోటోలు, చాట్‌లు పోవడం తప్ప జరిగేదేమీ ఉండదు. ఈ రెండూ వేరే ఫోన్‌తో వీడియో తీసి పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

అసలు గీత ఎందుకొస్తుంది? అమోలెడ్‌లో ప్రతి చుక్కా తన వెలుగు తానే ఇచ్చుకుంటుంది. ఏ చుక్క ఎంత వెలగాలో చెప్పే చిప్ స్క్రీన్ అడుగు భాగంలో ఉంటుంది. అక్కడినుంచి సన్నని ప్లాస్టిక్ పొర మీదుగా ఒక్కో నిలువు వరుసకు ఒక్కో కనెక్షన్ వెళ్తుంది. ఆ కనెక్షన్లలో ఒకటి ఊడినా, పక్కదానికి తగిలినా ఆ వరుస మొత్తం అదుపు తప్పి పైనుంచి కిందకు వెలుగుతూ ఉండిపోతుంది. మరి అప్‌డేట్‌కి ఇందులో ఏం పని? పెద్ద వెర్షన్ మారినప్పుడు ఫోన్ కొన్ని జీబీల ఫైళ్ళు రాసుకుంటుంది, రీస్టార్ట్ అయ్యాక యాప్‌లన్నిటినీ కొత్త వెర్షన్‌కు తగ్గట్టు మళ్ళీ సిద్ధం చేసుకుంటుంది. చాలామంది అదే సమయంలో ఫాస్ట్ చార్జింగ్ కూడా పెడతారు. ఫోన్ గంటల తరబడి వేడిగా ఉంటుంది. కనెక్షన్ ముందే బలహీనంగా ఉంటే ఆ వేడికి తెగిపోవడానికి ఆస్కారం ఉంది. అంటే గీత గీసింది అప్‌డేట్ కాదు, లోపల ఉన్న లోపాన్ని అది బయటపెట్టి ఉండొచ్చు. అలా అయితే ఆ లోపం ఫ్యాక్టరీదే, కొన్న మనది కాదు.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. ఈ రోజుల్లో ఫోన్‌కి తరచూ ఏదో ఒక అప్‌డేట్ వస్తూనే ఉంటుంది కాబట్టి, గీత ఎప్పుడు వచ్చినా అది ఏదో ఒక అప్‌డేట్ తర్వాతే అవుతుంది. అందుకే నేను సర్వీస్ సెంటర్‌లో గానీ మెయిల్‌లో గానీ "అప్‌డేట్ వల్లే పోయింది" అని వాదించడం లేదు. "కనెక్షన్ బలహీనంగా ఉన్న ప్యానెల్ (అంటే స్క్రీన్) అమ్మారు" అని వాదిస్తున్నాను. మీరూ ఈ దారే పట్టండి. మొదటి వాదన పెడితే ఇంజనీర్‌తో ఎంతకీ తెగని చర్చ. రెండోదానికి, లోపం ప్యానెల్ వైపే ఉందనడానికి స్క్రీన్‌షాటే సాక్ష్యం.

అలాగని అప్‌డేట్‌లు అమాయకమైనవీ కావు. ఇది పుకారు కాదు, రికార్డులో ఉన్న సంగతి. పాత ఐఫోన్లు ఉన్నట్టుండి ఆఫ్ కాకుండా అప్‌డేట్ ద్వారా వాటి వేగం తగ్గించామని ఆపిల్ 2017 డిసెంబర్‌లో ఒప్పుకుంది. ఆ కేసును 2020లో అమెరికాలో 50 కోట్ల డాలర్ల దాకా చెల్లించే ఒప్పందంతో ముగించుకుంది. ఇటలీ పోటీ నియంత్రణ సంస్థ 2018లో ఇలాంటి అప్‌డేట్ల మీదే ఆపిల్‌కు కోటి యూరోలు, శాంసంగ్‌కు 50 లక్షల యూరోలు జరిమానా వేసింది. శాంసంగ్ మీద అభియోగం గెలాక్సీ నోట్ 4 ఫోన్లకు మోయలేని కొత్త ఆండ్రాయిడ్ ఎక్కించమని తోశారని. 2025 జనవరిలో గూగుల్ పిక్సెల్ 4ఏ ఫోన్లకు దానంతట అదే ఎక్కే అప్‌డేట్ పంపింది. దాంతో కొన్ని ఫోన్లలో బ్యాటరీ నిలిచే సమయం బాగా పడిపోయింది. పరిహారంగా ఉచిత బ్యాటరీ లాంటివి ఇచ్చారు, అది వేరే సంగతి.

ఇంకో చిక్కు, నొక్కాక వెనక్కి రావడం. కంప్యూటర్‌లో లాగా పాత వెర్షన్‌కి హాయిగా తిరిగి వెళ్ళొచ్చు అనుకోకండి. భద్రత కోసం అని చాలా ఫోన్లలో పాత వెర్షన్ ఎక్కకుండా తాళం వేసేస్తున్నారు. ఎక్కినా డేటా అంతా చెరిపేయాల్సిందే.

అయితే అప్‌డేట్లు మానేయాలా? వద్దు, పొరపాటున కూడా ఆ పని చేయకండి. మా బావగారు ఇలాగే భయపడి ఏళ్ళ తరబడి ఏ అప్‌డేటూ చేయలేదు. చివరికి బ్యాంకు యాప్ "మీ ఆండ్రాయిడ్ వెర్షన్ పాతది" అని తెరుచుకోవడం మానేసింది. "ఏం బావమరిదీ, చేస్తే గీతలంటావు, చేయకపోతే డబ్బులు పంపనివ్వదు, ఏం ఫోన్లయ్యా ఇవి" అని నామీదే ఎగిరారు. తేడా ఏంటంటే, నెలనెలా వచ్చే సెక్యూరిటీ ప్యాచ్ చిన్నది, దాన్ని ఆపకండి. వెర్షన్ నంబరే మారే పెద్ద అప్‌డేట్‌కి మాత్రం తొందర పడకండి. మీ మోడల్ వాడుతున్నవాళ్ళు ఏమంటున్నారో కొన్ని వారాలు చూడండి. వారంటీలో ఉండగా అయితే చేసేయడమే మేలు, పోతే కంపెనీ ఖర్చుతో పోతుంది! చేసే ముందు బ్యాకప్ తీసుకోండి. కవర్ తీసేయండి, బ్యాటరీ ముందే నింపుకుని చార్జర్ పీకేయండి. మే నెల మధ్యాహ్నం విజయవాడ ఎండలో, దిండు కింద పెట్టి మాత్రం చేయకండి. ఇవన్నీ చేసినా గీత రాదని హామీ లేదు, వేడి మటుకు తగ్గుతుంది.

ఇప్పుడు కొనేవాళ్ళకు. కెమెరా ఎన్ని మెగాపిక్సెల్ అని అడిగే ముందు "గ్రీన్ లైన్ వస్తే ఎన్నేళ్ళ దాకా ఉచితంగా మారుస్తారు" అని అడగండి. షోరూం కుర్రాడు "రాదు సర్, మా దాంట్లో ఆ ప్రాబ్లం లేదు" అంటాడు. ఆ మాట కాదు, కంపెనీ వెబ్‌సైట్‌లో రాసి ఉందా అని చూడండి. వన్‌ప్లస్ మన దేశంలోని తన అమోలెడ్ ఫోన్లకు గ్రీన్ లైన్ మీద జీవితకాల వారంటీ ప్రకటించింది. ఒక కంపెనీ ఇవ్వగలిగినప్పుడు మిగతావాళ్ళను అడగడంలో తప్పేముంది? నా ఫోన్ ఆ కంపెనీది కాదు, ఆ సదుపాయం నాకు లేదు, అదే నా బాధ.

బిల్లు వేసేటప్పుడు అంటగట్టే ప్లాన్ల దగ్గర ఇంకా జాగ్రత్త. "స్క్రీన్ ప్రొటెక్షన్" అని అమ్మేది చాలావరకు కింద పడి పగిలితేనే పనిచేస్తుంది. పగలకుండా గీత వస్తే "ఇది యాక్సిడెంటల్ డ్యామేజ్ కాదు" అని చేతులెత్తేస్తారు. అటు కంపెనీ వాళ్ళు ఫిజికల్ డ్యామేజ్ అంటారు, ఇటు ప్లాన్ వాళ్ళు డ్యామేజే లేదంటారు. నా విషయంలో సరిగ్గా ఇదే జరిగింది. మీకు కావాల్సింది ఎక్స్‌టెండెడ్ వారంటీ, అంటే తయారీ లోపాలకు రెండో ఏడు కూడా వర్తించేది. డబ్బు కట్టేముందు అందులో డిస్‌ప్లే గీతలు కవర్ అవుతాయో లేదో షరతుల కాగితంలో చదివి మరీ తీసుకోండి.

గీత వచ్చిన ఫోన్‌ని ఎక్స్‌చేంజ్‌లో ఇచ్చేద్దాం అనుకుంటే దానికి పలికే ధర చూసి కళ్ళు తిరుగుతాయి. హైదరాబాద్‌లో ఫోన్లు అమ్మే, బాగుచేసే జగదీశ్ మార్కెట్‌లో అడిగితే లేజర్‌తో గీత తీసేస్తాం అనేవాళ్ళు కనిపిస్తారు. నేను చేయించలేదు. తెరిచిన ఫోన్‌ని కంపెనీ మళ్ళీ ముట్టుకోదు, ఫిర్యాదు నడుస్తుండగా ఆ పని చేస్తే మన కేసు మనమే చెడగొట్టుకున్నట్టు.

ఫిర్యాదు సంగతి. సర్వీస్ సెంటర్‌లో జాబ్ షీట్ (ఫోన్‌లో సమస్య ఏంటో రాసిచ్చే కాగితం) లేకుండా బయటకు రాకండి. అందులో "గ్రీన్ లైన్, స్క్రీన్ పగల్లేదు" అని రాయించండి. నా జాబ్ షీట్‌లో మొదట "డిస్‌ప్లే బ్రోకెన్" అని కొట్టారు, కూర్చుని మార్పించాను. తర్వాత కంపెనీకి మెయిల్. వాళ్ళ నుంచి వచ్చిన మొదటి ఆఫర్ కొత్త ఫోన్ మీద డిస్కౌంట్ కూపన్, అంటే మళ్ళీ వాళ్ళ ఫోనే కొనాలన్నమాట. వద్దన్నాను. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి నమోదు చేశాక "స్క్రీన్ ధరలో సగం మేము భరిస్తాం" అన్నారు. దానికీ ఒప్పుకోలేదు, ఇంకా లాగుతున్నాం.

అక్కడ తెగకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కంపెనీ ఆఫీసు ఎక్కడున్నా మనం ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు. కొన్న వస్తువు విలువ 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనే దాఖలు చేయొచ్చు, లాయర్ తప్పనిసరి కాదు. గడువు సమస్య తలెత్తిన దగ్గర్నుంచి రెండేళ్ళు. కాబట్టి గీత మొదటిసారి కనపడిన రోజే తేదీ తెలిసేలా ఫోటో తీసి, కొన్న బిల్లుతో కలిపి మెయిల్‌లో దాచుకోండి. షోరూం వాళ్ళిచ్చే బిల్లు థర్మల్ కాగితం (సిరా లేకుండా వేడితో అక్షరాలు పడేది) అయితే కొంతకాలానికి అక్షరాలు వెలిసిపోతాయి, దాన్ని ఇవాళే స్కాన్ చేయండి.