పొరల లేటెక్స్ పరుపుకి ఏ జిప్పు కవరు మేలు?

పొరలుగా పేర్చుకునే లేటెక్స్ పరుపు కొనేటప్పుడు అడుగున గట్టిది వేయాలా, పైన మెత్తది వేయాలా, తయారీ పద్ధతి డన్‌లపా, టాలలేనా అని అందరూ బాగానే ఆరా తీస్తారు. కవరు దగ్గరికి వచ్చేసరికి మాత్రం కొలతకు సరిపోతే చాలనుకుంటారు. తీరా పడుకుంటే, ఏరికోరి కొన్న రెండంగుళాల మెత్తటి పై పొర ఒంటికి తెలియనే తెలియదు. తప్పు లేటెక్స్‌ది కాదు, మధ్యలో ఉన్న గుడ్డది.

చెన్నైలో ఎంచుకోవడానికి ముఖ్యంగా మూడు రకాలున్నాయి: సాగే నిట్ కవరు, లోపల దూదో ఫైబరో పెట్టి గళ్లుగా కుట్టిన క్విల్టెడ్ కవరు, టైలర్‌తో కుట్టించుకునే మందపాటి కాటన్ కవరు. ముందే చెప్పేస్తున్నాం, పై పొర మెత్తనిదైతే పల్చటి నిట్ కవరే మేలు. మిగతా రెండూ పనికిరావని కాదు, వాటి చోటు వేరు.

లేటెక్స్‌కి కవరు తొడగడం ముచ్చట కోసం కాదు. అది రబ్బరు. వెలుతురు, గాలిలోని ఓజోన్, వేడి, తలనూనె ఏవీ దానికి పడవు. ముందు పసుపు తిరుగుతుంది, తర్వాత పైన పెళుసుబారి వేలితో రుద్దితే పొడి రాలుతుంది. బూరుగుదూది పరుపుని మిద్దె మీద వేసి ఎండబెట్టే అలవాటు మన ఇళ్లలో ఇంకా ఉంది. విప్పిన లేటెక్స్‌కి అదే పని చేస్తే చేజేతులా పాడుచేసుకున్నట్టే. కవరు ఉతికి ఆరేదాకా పొరల మీద ఒక మందపాటి దుప్పటి కప్పి, కిటికీ పరదా లాగి ఉంచాలి.

సాగే నిట్ కవరు

టీషర్టు గుడ్డలా ఉచ్చులు ఉచ్చులుగా అల్లిన బట్ట ఇది. భుజం దిగినచోట గుడ్డ కూడా దిగుతుంది, అందుకే లేటెక్స్ గుణం ఒంటికి అందుతుంది. చదరపు మీటరుకు 200 నుంచి 300 గ్రాముల బరువున్నది సరిపోతుంది. అంతకన్నా పల్చనైతే జిప్పు కుట్టు దగ్గర చిరుగు పట్టుకుంటుంది. 400 దాటితే సాగుడు తగ్గి ఉక్క పెరుగుతుంది.

కొనేముందు ఒక పరీక్ష చేయండి. గుడ్డ మీద పది అంగుళాల దూరం గుర్తుపెట్టి రెండు చేతులతో లాగండి. నిలువుగా, అడ్డంగా రెండు వైపులా కనీసం అంగుళం సాగి, వదలగానే మళ్లీ పదికి రావాలి. ఒక్క దిక్కుకే సాగే గుడ్డ మెత్తగా అనిపించినా రెండో దిక్కున బిగదీస్తుంది. అసలు లైక్రా (సాగే దారం) లేని నూరు శాతం కాటన్ నిట్ కొన్నాళ్లకు వదులై నడుము కింద మడతలు పడుతుంది. తిరుప్పూరు కాటన్ నిట్‌లో నాలుగైదు శాతం లైక్రా కలిసినది వెతకడం మంచిది. ‘వెదురు గుడ్డ’ అని అమ్మేది చాలావరకు వెదురు గుజ్జుతో చేసిన విస్కోస్, అదీ పైముఖానికే. లోపలి వైపు పాలిస్టర్ ఉండటం మామూలే. లేబుల్‌లో శాతాలు చూడకుండా డబ్బు కట్టకండి. పొరల మీదున్న గోల్స్ (GOLS) ముద్ర సేంద్రియ లేటెక్స్‌కి సంబంధించినది, కవరు గుడ్డకి కాదు. గుడ్డకి గాట్స్ (GOTS, సేంద్రియ బట్టల ముద్ర) విడిగా ఉండాలి.

నిట్‌తో వచ్చే పెద్ద ఇబ్బంది కుంచించుకుపోవడం. ముందే ష్రింక్ చేయని కాటన్ నిట్ ఐదు శాతం తగ్గిందంటే 78 అంగుళాల పొడవులో దాదాపు నాలుగు అంగుళాలు పోయినట్టే. అప్పుడు జిప్పు పడదు. బలవంతంగా పట్టించినా పరుపు అంచులు పైకి లేచి నడుమ గుంట పడుతుంది.

క్విల్టెడ్ కవరు

దుకాణంలో చేత్తో నొక్కితే మనసు దోచుకునేది ఇదే. కానీ పై గుడ్డనీ, ఫైబర్‌నీ, అడుగు గుడ్డనీ కలిపి దారంతో బిగించేస్తారు కాబట్టి గుడ్డ సాగేదైనా సాగుడు అక్కడితో ఆగిపోతుంది. లేటెక్స్ మెత్తదనం పోయి ఫైబర్ మెత్తదనం మిగులుతుంది, అదీ కొన్ని నెలలే. పడుకునేచోట ఫైబర్ అణిగి పల్లం పడుతుంది. ఇంట్లోవాళ్లు లేటెక్స్ కుంగిపోయిందని దుకాణం మీదికి వెళ్తారు. అదేమిటో తేల్చుకోవాలంటే కవరు తీసి, లేటెక్స్ మీద అడ్డంగా ఒక తిన్నని కర్ర పెట్టి చూడండి. కర్ర కింద సందు లేకపోతే అణిగింది కవరే.

ఉన్ని పెట్టిన క్విల్టెడ్ కవరే ఉత్తమమని విదేశీ సలహాలు చాలా కనిపిస్తాయి. అమెరికాలో 2007 జూలై నుంచి పరుపులు కొత్త మంట పరీక్షకు నిలవాలి. రసాయనాలు లేకుండా ఆ పరీక్ష దాటడానికి ఉన్ని అక్కడ అక్కరకొచ్చింది. అక్కడి చలికీ అది నప్పుతుంది. చెన్నైలో వైశాఖ మాసపు రాత్రి ఒంటి కింద ఉన్ని పొర ఎందుకో కొన్నవాళ్లకే తెలియాలి. పైగా ఉన్ని ఉన్న కవరుని మామూలుగా మెషీన్‌లో వేసి ఉతకకూడదు, డ్రైక్లీనింగే గతి. ఫైబర్ పెట్టినవి ఉతకవచ్చు గానీ, క్వీన్ సైజు పై ముక్క తడిస్తే ఏడు కిలోల మెషీన్‌లో సరిగ్గా తిరగదు. కార్తీక మాసపు వానల్లో రెండు రోజులైనా లోపల తడి పోదు, ముక్కిన వాసన మొదలవుతుంది.

ఒకే ఒక్క సందర్భంలో క్విల్ట్ పనికొస్తుంది: పై పొర కూడా గట్టిదే అయి, ఇంకో మెత్తటి పొర కొనే ఉద్దేశం లేనప్పుడు. అప్పుడైనా దాన్ని కవరులో కలిపి కుట్టించకండి. నాలుగు మూలల ఎలాస్టిక్ ఉన్న విడి ప్యాడ్‌గా పల్చటి కవరు మీద వేసుకుంటే ఉతుక్కోవడం తేలిక, నచ్చకపోతే తీసేయవచ్చు.

టైలర్ కుట్టే కాటన్ కవరు

పారీస్ దగ్గర గోడౌన్ స్ట్రీట్‌లో డ్రిల్, చారల పరుపు గుడ్డ హోల్‌సేల్‌గా దొరుకుతాయి. ఏళ్ల తరబడి చెక్కుచెదరవు, ఒంటికి చల్లగా ఉంటాయి. కాకపోతే ఇవి సాగవు. వెల్లకిలా పడుకునేవాళ్లకీ, గట్టి పొర మీద పడుకునేవాళ్లకీ తేడా తెలియదు. పక్కకు తిరిగి పడుకునేవాళ్లకు మాత్రం భుజం దగ్గర ఎదురు తన్నినట్టుంటుంది.

కత్తెర పెట్టకముందే గుడ్డని ఒక రాత్రి నానబెట్టి, ఆరబెట్టి, ఇస్త్రీ చేయించాలి. కొలత పరుపు కన్నా పొడవులో, వెడల్పులో ఒక అంగుళం ఎక్కువ ఉండనివ్వండి. నిట్‌కి దీనికి పూర్తిగా తలకిందులు, అక్కడ సరిసమానంగానో, అర అంగుళం తక్కువగానో కుట్టాలి. 78×60×6 పరుపుకి 90 అంగుళాల పన్నా గుడ్డ నాలుగున్నర మీటర్లు సరిపోతుంది, పక్క పట్టీలు మిగిలిన ముక్కలో వచ్చేస్తాయి. 58 పన్నా అయితే అతుకు తప్పదు. ఆ అతుకు నడుమ రాకుండా గోడ వైపు అంచుకు వేయమని టైలర్‌కి ముందే చెప్పండి.

కొలత మాత్రం లేబుల్ చూసి ఇవ్వవద్దు. చుట్టచుట్టి వచ్చిన లేటెక్స్‌ని రెండు రోజులు పరిచి ఉంచి, పొరలన్నీ పేర్చాక నాలుగు మూలల్లోనూ ఎత్తు కొలవాలి. మన 78×60 పరుపుకి అమెరికా క్వీన్ కవరు తెప్పిస్తే రెండంగుళాల పొడవు వేలాడుతుంది, అక్కడ క్వీన్ అంటే 80×60.

జిప్పు

ఐదో నంబర్ నైలాన్ కాయిల్ జిప్పు కావాలి. బెసంట్ నగర్, తిరువాన్మియూరు లాంటి సముద్రపు గాలి తగిలే చోట ఇనుప పళ్ల జిప్పు తుప్పు పడుతుంది. మూడు వైపులా జిప్పుకి ఐదున్నర మీటర్లు, నాలుగు వైపులా అయితే ఏడు. ఆ మీటరున్నర దగ్గర పిసినారితనం వద్దు. నాలుగు వైపులా ఉంటే పై ముక్క పూర్తిగా విడివడుతుంది, అదొక్కటే ఉతకవచ్చు, చిరిగితే అదొక్కటే కుట్టించుకోవచ్చు. మూడు వైపులదైతే ప్రతిసారీ మొత్తం బట్ట తీయాల్సిందే. విడివడే ముక్కలకు ఒకే మూలన రంగు దారంతో గుర్తు పెట్టుకోకపోతే, మళ్లీ తొడిగేటప్పుడు మూలలు మారి చివర్లో ఒక జానెడు గుడ్డ మిగిలిపోతుంది.

జిప్పు ఎంత ఎత్తున ఉండాలన్నది పొరలు ఎంత తరచుగా మారుస్తారన్న దాన్నిబట్టి ఉంటుంది. అడుగు అంచున ఉంటే కనిపించదు, చేతికి గీసుకోదు. కానీ ఆరంగుళాల రబ్బరు మీదుగా గుడ్డ జారదు, ఇద్దరు పట్టుకుని లాగాలి. పై అంచుకి రెండంగుళాల కింద ఉంటే అడుగు భాగం పెట్టెలా నిలబడుతుంది, పొరలు అందులో దించి మూత వేసినట్టు మూసేయవచ్చు. మొదటి ఏడాది పొరలు అటూ ఇటూ మార్చి చూసుకునేవాళ్లకి ఇదే మంచిది.

ఒక్కో పొరకి విడిగా గుడ్డ తొడగాలా అని చాలామంది అడుగుతారు. లేటెక్స్ మీద లేటెక్స్ ఉంటే రాపిడికి కదలదు. మధ్యలో గుడ్డ వస్తే పొరలు జారతాయి, బయటి కవరు బిగుతుగా లేకపోతే వారానికే మెట్లు మెట్లుగా తయారవుతాయి. మొత్తానికి కలిపి ఒక పల్చటి లోపలి కవరు చాలు.

తొడిగేటప్పుడు తొందరపడితే చిరిగేది లేటెక్సే. క్వీన్ సైజులో రెండంగుళాల పొర దాదాపు 12 కిలోలుంటుంది. మూల పట్టి లాగితే వేళ్ల గుర్తుల దగ్గరే తెగుతుంది. మధ్యకు మడిచి, అరచేతులు కింద పెట్టి ఇద్దరు ఎత్తాలి. జిప్పు మూసేటప్పుడు ఒక చేత్తో అంచుని లోపలికి నొక్కుతూ రన్నర్‌ని ఆరంగుళాల చొప్పున జరపాలి. కాయిల్ మధ్యలో విడిపోతే రన్నర్‌ని మొదటికి తెచ్చి మళ్లీ నడిపితే చాలాసార్లు సర్దుకుంటుంది. మళ్లీ మళ్లీ విడిపోతుంటే రన్నర్ నోరు వదులైందన్నమాట, పట్టకారుతో రెండు పక్కలా కొద్దిగా నొక్కాలి. గట్టిగా నొక్కితే అసలు కదలదు.

అడుగు గుడ్డకి జారకుండా అని రెక్సిన్ వేయించకండి. చెన్నై గాలిలోని తేమ, రాత్రి చెమట రెండూ కిందికి దిగి ప్లైవుడ్‌కీ రెక్సిన్‌కీ మధ్య బూజు కడతాయి. అడుగున కూడా గాలాడే కాటన్ ఉండాలి, ప్లైవుడ్‌కి రంధ్రాలు వేయించాలి, నెలకోసారి పరుపుని గోడకు ఆనించకుండా ఒక పక్క ఎత్తి ఒక పూట ఫ్యాను గాలి తగలనివ్వాలి. పసిపిల్లలున్న ఇంట్లో వాటర్‌ప్రూఫ్ షీటు తప్పదు. అయినా అది కవరులో భాగం కాకుండా దాని మీద, పిల్లలు పడుకునే వైపు మాత్రమే వేయండి.