సీడీ కొడితే చాలు, ఎన్వ్ ఫైల్ లోడైపోయే ప్లగిన్లు: ఐదేళ్లు వాడాక

ఓ మై జెడ్‌ఎస్‌హెచ్‌తో (టెర్మినల్‌లో మన కమాండ్లు నడిపే జెడ్‌ఎస్‌హెచ్ అనే షెల్‌కి హంగులు చేర్చే ప్యాకేజీ) వచ్చే డాట్‌ఎన్వ్ ప్లగిన్‌ని మూడేళ్లు వాడాను, రెండేళ్లుగా డైరెన్వ్ వాడుతున్నాను. పైకి రెండింటి పనీ ఒకటే, ప్రాజెక్ట్ ఫోల్డర్‌లోకి సీడీ (ఫోల్డర్ మారే కమాండ్) కొట్టగానే అక్కడి ఫైల్‌లోని వేరియబుల్స్ (ప్రోగ్రామ్‌లు చూసుకునే పేరు-విలువ సెట్టింగులు) షెల్‌లోకి వచ్చేస్తాయి. రోజుకి పదిసార్లు ప్రాజెక్టులు మారేవాళ్లకి చాలా హాయి. అందుకే మూడేళ్లు నేను లోపలికి తొంగి చూడలేదు.

డాట్‌ఎన్వ్ ప్లగిన్ ఆ ఫైల్‌ని ఊరికే చదవదు, సోర్స్ చేస్తుంది, అంటే అందులోని లైన్లని కమాండ్లలా నడుపుతుంది. పేరు, ఈక్వల్స్, విలువ అంతే కదా అని మనం అనుకుంటాం గానీ షెల్‌కి అదొక స్క్రిప్ట్. ఖాళీ ఫోల్డర్‌లో నేనే ఒక ఎన్వ్ ఫైల్ పెట్టి చూశాను. విలువ ఉండాల్సిన చోట డాలర్ గుర్తు, బ్రాకెట్లలో టచ్ (ఖాళీ ఫైల్ తయారుచేసే) కమాండ్. లోపలికి వెళ్లి, అడిగినదానికి వై కొట్టాను. టెంప్ ఫోల్డర్‌లో కొత్త ఫైల్ తయారై కూర్చుంది. టచ్ బదులు నా ఎస్‌ఎస్‌హెచ్ కీని (సర్వర్లలోకి లాగిన్ అవడానికి వాడే రహస్య ఫైల్) ఎక్కడికో పంపే కర్ల్ కమాండ్ ఉన్నా అంతే చప్పుడు లేకుండా అయిపోయేది.

అడుగుతుంది కదా అంటారు. నిజమే, ఎస్, నో, ఆల్వేస్, నెవర్ అని అడుగుతుంది. చిక్కంతా ఆల్వేస్ దగ్గరే ఉంది. అది నొక్కితే లిస్టులోకి ఎక్కేది ఫోల్డర్ పాత్ (అది ఉన్న చోటు) మాత్రమే, ఫైల్‌లో ఏముందన్నది దానికి పట్టదు. ఇవాళ చూసి ఒప్పుకున్న ఫైల్ వచ్చే వారం గిట్ పుల్‌తో (కోడ్‌లో వేరేవాళ్లు చేసిన మార్పులు దించుకునే కమాండ్) పూర్తిగా మారిపోయినా మళ్లీ అడగదు. పైగా ఫోల్డర్ బయటికి వచ్చినా వేరియబుల్స్ పోవు. ఒకసారి క్లయింట్ ప్రాజెక్ట్‌లోంచి నా సొంత ప్రాజెక్ట్‌కి వచ్చి క్యూ (వరుసలో వేచి ఉన్న పనులు) ఖాళీ చేసే కమాండ్ కొట్టాను, అది వెళ్లి క్లయింట్ స్టేజింగ్ (విడుదలకి ముందు పరీక్షించే) అకౌంట్‌లో నడిచింది, ఎందుకంటే అమెజాన్ క్లౌడ్‌లో ఏ అకౌంట్ వాడాలో చెప్పే ఏడబ్ల్యూఎస్ ప్రొఫైల్ వేరియబుల్ ఇంకా అక్కడిదే ఉంది. ఆ రాత్రి పడ్డ టెన్షన్‌తోనే ప్లగిన్ తీసేశాను.

డైరెన్వ్ ఈ రెండు విషయాల్లోనూ చాలా నయం. బయటికి రాగానే వేరియబుల్స్ తీసేస్తుంది. ఒప్పుకున్నప్పుడు ఫైల్ పాత్‌తో పాటు లోపలి రాతకి కూడా కలిపి హ్యాష్ (వేలిముద్రలాంటి గుర్తు) దాచుకుంటుంది, కాబట్టి ఒక్క అక్షరం మారినా బ్లాక్ అయిందని చెప్పి ఆగిపోతుంది. కానీ ఎన్వ్‌ఆర్‌సీలోంచి (డైరెన్వ్ చదివే ఫైల్) సోర్స్ ఎన్వ్ అనే కమాండ్‌తో ఇంకో ఫైల్‌ని పిలిస్తే ఆ రెండో ఫైల్‌కి ఈ కాపలా లేదు, ఆ మాట వాళ్ల డాక్యుమెంటేషన్‌లోనే ఉంది. వైట్‌లిస్ట్‌లో (అడగకుండానే ఒప్పుకునే చోట్ల లిస్టు) మొత్తం హోమ్ ఫోల్డర్‌ని పెట్టేసేవాళ్లని చూశాను, దయచేసి ఆ పని చేయకండి.

కమాండ్లు లేవు, వేరియబుల్సే ఉన్నాయని కూడా ధీమా పడొద్దు. పాత్ (ప్రోగ్రామ్‌లని ఎక్కడ వెతకాలో చెప్పేది), ఎల్‌డీ ప్రీలోడ్ (ప్రోగ్రామ్‌తో పాటు ముందుగా ఏ లైబ్రరీ లోడ్ చేయాలో చెప్పేది), గిట్ ఎస్‌ఎస్‌హెచ్ కమాండ్ (గిట్ సర్వర్‌కి ఏ కమాండ్‌తో వెళ్లాలో చెప్పేది), ఈ వేరియబుల్స్‌లో ఏ ఒక్కటి మార్చినా తర్వాత మీరు కొట్టే మామూలు కమాండే వేరేవాళ్ల ప్రోగ్రామ్‌ని నడుపుతుంది. ప్లగిన్లే అక్కర్లేదు, ప్రాంప్ట్‌లో (కమాండ్ కొట్టే లైన్ మొదట్లో) గిట్ బ్రాంచ్ పేరు చూపించడానికి ప్రతి ఫోల్డర్‌లోనూ గిట్ నడుస్తుంది కదా, ఆ ఫోల్డర్‌లోని గిట్ సెట్టింగుల్లో ఎవరైనా కమాండ్ రాసి పెడితే అదీ నడవొచ్చు, 2022 ఏప్రిల్‌లో గిట్ 2.35.2 వచ్చి ఫోల్డర్ ఓనర్ ఎవరో చూడటం మొదలుపెట్టింది ఇలాంటి దారి మూయడానికే.

ఇప్పుడు డైరెన్వ్ ఉంచుకున్నాను, అలవ్ (ఫైల్‌ని ఒప్పుకునే కమాండ్) కొట్టేముందు క్యాట్ కమాండ్‌తో ఫైల్ మొత్తం చదువుతాను. ముక్కూ మొహం తెలియనివాళ్ల కోడ్ రిపోలు, ఇంటర్వ్యూ అసైన్‌మెంట్ల జిప్ ఫైళ్లు మాత్రం కంటైనర్‌లోనే (నా సిస్టమ్ నుంచి వేరు చేసిన చోటు) తెరుస్తున్నాను, అక్కడ సీడీ కొట్టగానే దానంతటదే నడిచే ఏ హుక్కూ లేదు, నా కీలూ లేవు.