టాకిలా, గార్డా, సెంటరా? ఎన్‌ఎఫ్‌ఎల్ లైన్‌లో ఏ చోటు మేలు

టెక్సస్‌లో ఫ్రిస్కో, ఇర్వింగ్ వైపు ఉండే మనవాళ్ల నుంచి మళ్లీ మళ్లీ వస్తున్న ప్రశ్న ఇది. అమెరికన్ ఫుట్‌బాల్‌లో క్వార్టర్‌బ్యాక్‌ని (బంతి విసిరేవాణ్ని) కాపాడే ఐదుగురి వరసే ఈ లైన్: మధ్యలో సెంటర్, అతనికి అటూ ఇటూ గార్డ్‌లు, రెండు చివర్లలో టాకిల్స్. పిల్లాడు స్కూల్ టీమ్‌లో లెఫ్ట్ టాకిల్ ఆడుతుంటాడు. కోచ్ గార్డ్‌కి మారమంటాడు. ఇంట్లోవాళ్లకి అది హోదా తగ్గించినట్టు అనిపిస్తుంది, "డబ్బంతా టాకిల్స్‌కే కదా" అంటారు. పిల్లల సంగతి అలా ఉంచి ప్రొఫెషనల్ లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఈ మూడు పొజిషన్ల వాళ్ల కెరీర్ ఎలా నడుస్తుందో చూస్తే, కోచ్ మాటలో పస ఎంతో తెలుస్తుంది.

ముందు డబ్బు. పైమెట్టు మీద టాకిల్స్‌దే రాజ్యం, అందులో అనుమానం లేదు. టాంపా బే లెఫ్ట్ టాకిల్ ట్రిస్టన్ వర్ఫ్స్ 2024లో ఏడాదికి సుమారు 2.8 కోట్ల డాలర్లకు సంతకం చేశాడు. 2025లో చార్జర్స్ రషాన్ స్లేటర్‌కి నాలుగేళ్లకు 11.4 కోట్లు ఇచ్చారు. గార్డ్‌లలో చీఫ్స్ ఆటగాడు ట్రే స్మిత్ అదే ఏడాది నాలుగేళ్లకు 9.4 కోట్లు తెచ్చుకున్నాడు. సెంటర్‌గా అతని పక్కనే ఆడే క్రీడ్ హంఫ్రీకి 2024లో వచ్చింది 7.2 కోట్లు. అంటే ఆ ఒప్పందాల్లో టాకిల్‌కీ సెంటర్‌కీ ఏడాదికి కోటి డాలర్ల తేడా. లెఫ్ట్ టాకిల్‌కీ రైట్ టాకిల్‌కీ మధ్య ఉండే తేడా మాత్రం దాదాపు పోయింది. టి.జె. వాట్ లాంటి రషర్లు (క్వార్టర్‌బ్యాక్ మీదికి దూసుకొచ్చే డిఫెన్స్ ఆటగాళ్లు) ఎక్కువగా రైట్ టాకిల్ మీదికే వస్తుంటే, ఆ చోటు చవగ్గా ఎలా దొరుకుతుంది? డెట్రాయిట్‌లో రైట్ టాకిల్‌గా ఆడుతూ పెనేయ్ సూవెల్ 2024లో కుదుర్చుకున్నది కూడా ఏడాదికి 2.8 కోట్లే.

ఇందులో ఒక తిరకాసు ఉంది. ఫ్రాంచైజ్ ట్యాగ్‌కీ (ఒప్పందం ముగిసిన ఆటగాణ్ని టీమ్ ఇంకో ఏడాది ఆపి ఉంచే హక్కు), డ్రాఫ్ట్ (కాలేజీ ఆటగాళ్ల ఎంపిక) మొదటి రౌండ్‌లో వచ్చినవాళ్ల ఒప్పందాన్ని ఐదో ఏడాదికి పొడిగించే ఆప్షన్‌కీ లీగ్ లైన్‌మెన్ అందర్నీ ఒకే గాటన కడుతుంది. ఆ అంకెను పైకి లాగేది టాకిల్స్ జీతాలు. 2025లో ట్యాగ్ విలువ దాదాపు 2.34 కోట్లు. సెంటర్‌కి అంత పెట్టడానికి టీమ్‌కి చేయి రాదు. సెంటర్ టైలర్ లిండర్‌బామ్ ఐదో ఏడాది ఆప్షన్‌ను బాల్టిమోర్ వదులుకోవడానికి కారణం అదే, అతని ఆటలో లోపం కాదు. దీనివల్ల లోపలివాళ్లు (గార్డ్‌లు, సెంటర్లు) తొందరగా మార్కెట్‌కి వస్తారు. అయితే స్మిత్‌కి ముందు ట్యాగే వేశారు, ఆ తర్వాతే పెద్ద ఒప్పందం కుదిరింది.

ఇవన్నీ వేళ్ల మీద లెక్కపెట్టగలిగిన వాళ్ల లెక్కలు. మిగతా లైన్‌మెన్‌లో చాలామంది ఆడేది కనీస జీతానికో, దానికి దగ్గరలోనో. 2025లో కొత్తవాడికి అది 8.4 లక్షల డాలర్లు. నా దృష్టిలో వాళ్ల కెరీర్‌ని తేల్చేది పైమెట్టు జీతం కాదు, ఆదివారం జెర్సీ వేసుకునే జాబితా. రోస్టర్‌లో 53 మంది ఉన్నా ఆట రోజు బరిలోకి దిగేది 48 మంది. ఆ 48 కూడా కనీసం 8 మంది ఆఫెన్సివ్ లైన్‌మెన్ ఉంటేనే, లేకపోతే 47. లీగ్‌కీ ఆటగాళ్ల సంఘానికీ మధ్య 2020లో కుదిరిన ఒప్పందంలో వచ్చిన ఈ నిబంధన లైన్‌మెన్‌కి పెద్ద వరం. ఐదుగురు స్టార్టర్లు పోను మూడు కుర్చీలు మిగులుతాయి. మొదటిది ఎడమ, కుడి రెండు వైపులా ఆడే స్వింగ్ టాకిల్‌ది. రెండోది గార్డ్, సెంటర్ రెండూ ఆడేవాడిది. మూడోది వారాన్ని బట్టి మారుతుంది. లెఫ్ట్ టాకిల్ ఒక్కటే వచ్చినవాడికీ, గార్డ్ ఒక్కటే వచ్చినవాడికీ ఇందులో ఖాయమైన చోటు లేదు.

ఆ కుర్చీకి పనికొచ్చేవాడినే టీమ్ రోస్టర్‌లో ఉంచుకుంటుంది. అదెందుకంత ముఖ్యమంటే, ఒక సీజన్‌లో కనీసం మూడు ఆటలకు పూర్తి జీతం జాబితాలో ఉంటే అది పెన్షన్‌కి లెక్కలోకి వచ్చే సీజన్. అలాంటివి మూడు పూర్తయితే పెన్షన్ హక్కు వస్తుంది, రిటైరయ్యాక ఐదేళ్ల ఆరోగ్య బీమా కూడా. పూర్తి ఫ్రీ ఏజెంట్ (ఒప్పందం ముగిశాక నచ్చిన టీమ్‌కి వెళ్లగలిగేవాడు) కావాలంటే ఆరేసి ఆటల చొప్పున నాలుగు సీజన్లు కావాలి. రోస్టర్ బయట ప్రాక్టీస్ స్క్వాడ్‌లో గడిపిన వారాలు ఈ ఫ్రీ ఏజెంట్ లెక్కలోకి రావు. చాలామంది కెరీర్ మూడో సీజన్ చుట్టుపక్కలే ఆగిపోతుంది.

ఇక చేతుల పొడవు. భుజం ఎముక కొస నుంచి మధ్యవేలి చివరిదాకా కొలుస్తారు. టాకిల్‌కి 34 అంగుళాలు ఉంటే ఎవరూ నోరెత్తరు. 33 దగ్గర గుసగుసలు మొదలవుతాయి, అంతకంటే తగ్గితే "గార్డ్‌కి పంపండి" అంటారు. అంచున రషర్ పరుగెత్తుకుంటూ వస్తాడు, వాడి చేయి ముందు నీ ఛాతీకి తగిలితే బుల్ రష్‌లో (బలంతో నేరుగా నెట్టుకొచ్చే దాడిలో) వెనక్కి పోవడమే. కిక్ స్లైడ్‌లో (టాకిల్ వెనక్కి జరిగే అడుగుల్లో) ఒక అడుగు ఆలస్యమైనా సర్దుకోవడానికి మిగిలేది చేతి పొడవే. అలాగని ఇది శిలాశాసనం కాదు. స్లేటర్ చేతులు 33 అంగుళాలే. 2025 డ్రాఫ్ట్‌లో నాలుగో పిక్‌గా న్యూ ఇంగ్లండ్‌కి వెళ్లిన విల్ క్యాంప్‌బెల్‌వి కంబైన్‌లో (డ్రాఫ్ట్‌కి ముందు జరిగే పరీక్షల్లో) 32⅝, అయినా లెఫ్ట్ టాకిల్‌లోనే నిలబెట్టారు. 2023లో 11వ పిక్‌గా వచ్చిన పీటర్ స్కొరోన్‌స్కీని (32¼) టెనెసీ లోపలికి, గార్డ్‌కి పంపింది.

లోపలికి పంపడం శిక్షేమీ కాదనడానికి జాక్ మార్టిన్ ఒక్కడు చాలు. నోటర్‌డేమ్‌లో టాకిల్, చేతులు 33కి కాస్త తక్కువ. 2014లో 16వ పిక్‌గా డల్లాస్ తీసుకుని రైట్ గార్డ్ చేసింది. 11 సీజన్లలో 9 ప్రో బౌల్స్ (లీగ్ ఆల్‌స్టార్ ఎంపికలు), హోల్డింగ్ ఫౌల్స్ (ప్రత్యర్థిని పట్టుకుని ఆపిన తప్పులు) 7. గార్డ్‌కి చోటు తక్కువ, అదే అతనికి మేలు. ప్రత్యర్థి అడుగు దూరంలోనే ఉంటాడు కాబట్టి పొడవు కంటే నడుము దించి ఆనుకోవడం, చేతులు లోపలికి పెట్టడం ముఖ్యం. కానీ 330 పౌండ్ల డిఫెన్సివ్ టాకిల్‌ని రోజూ ఎత్తాలి. వెనక నుంచి మనుషులు మీద పడి మోకాలు, చీలమండ మెలితిరిగే ప్రమాదం అంచున కంటే ఈ గుంపులోనే ఎక్కువ. గార్డ్ మాత్రమే ఆడగలిగితే, స్టార్టర్ స్థానం పోయిన రోజున పైన చెప్పిన మూడు కుర్చీల సమస్య ఎదురవుతుంది.

అందుకే నా ఓటు సెంటర్‌కి. సరిగ్గా చెప్పాలంటే, స్నాప్ చేయడం (కాళ్ల మధ్య నుంచి బంతిని వెనక్కి క్వార్టర్‌బ్యాక్‌కి అందించడం) వచ్చిన గార్డ్‌కి. జేసన్ కెల్సీ 2011లో ఆరో రౌండ్‌లో 191వ పిక్. సెంటర్లలో కూడా సన్నవాడి కిందే లెక్క. అయినా ఫిలడెల్ఫియాకి 13 సీజన్లు ఆడాడు, వరసగా 156 ఆటలు స్టార్ట్ చేశాడు. బలం తక్కువైన చోట బుర్రే ఆదుకునే పొజిషన్ ఇది. "మైక్" (డిఫెన్స్ మధ్య లైన్‌బ్యాకర్) ఎవరో వేలు చూపించి చెప్పడం, లైన్ కాపలాని ఏ వైపు తిప్పాలో పిలవడం సెంటర్ పని. ఇవి వయసుతో తగ్గవు, పెరుగుతాయి.

టాకిల్‌గా పెరిగినవాడు స్నాప్ నేర్చుకునేటప్పుడు చేసే తప్పులు దాదాపు ఒకేలా ఉంటాయి. మొదటిది బంతి తల మీదుగా పోవడం. ఆలస్యంగా వదిలి, మణికట్టు అదనంగా విసరడం వల్ల వస్తుంది. రెండోది నేల తాకుతూ పోవడం. ఎదురుగా ముక్కు మీదే నోస్ టాకిల్ (డిఫెన్స్ మధ్యలో ఉండేవాడు) ఉన్నప్పుడు బ్లాక్‌కి తొందరపడి చేయి సగంలో ఆపేస్తారు. మూడోది, అడుగు వేసే వైపు ఒళ్లు కూడా తిరిగి బంతి పక్కకు జారడం. మణికట్టు అదుపులోకి రానివాళ్లు "డెడ్ బాల్" పట్టు ప్రయత్నిస్తారు: బంతి ముక్కు దగ్గర పట్టుకుని, తిప్పకుండా, చేయి లోలకంలా ఊపి వదలడం. బంతి నెమ్మదిగా వెళుతుంది గానీ తిన్నగా వెళుతుంది.

నేర్చుకునే క్రమం ఇలా ఉంటే మంచిది. ముందు 5 యార్డుల దూరంలో వల పెట్టి, క్వార్టర్‌బ్యాక్ బెల్టుకీ ఛాతీకీ మధ్య ఉండే ఎత్తులో గురి. చూపు ముందుకే, కాళ్ల మధ్య నుంచి వెనక్కి తొంగిచూస్తే మొదటి అడుగు పోయినట్టే. తర్వాత స్నాప్‌తో పాటే అడుగు. ఆ తర్వాత ఎదురుగా షీల్డ్ పట్టుకున్న మనిషి. తడి బంతి చివర్లో. స్టేడియం హోరులో సైలెంట్ కౌంట్ (అరుపు లేకుండా సైగతో స్నాప్) ఇంకో విద్య. గార్డ్ వెనక్కి చూసి సెంటర్‌ని తడతాడు, సెంటర్ తల ఎత్తి లెక్క ప్రకారం వదులుతాడు. ప్రతిసారీ అదే లెక్కలో వదిలితే రెండో క్వార్టర్‌కల్లా రషర్లు కనిపెట్టేస్తారు.

సెంటర్‌కి ఉన్న నష్టమూ చెప్పాలి. ప్రతి ఆటలో, దాదాపు ప్రతి స్నాప్‌కీ తలకి ఏదో ఒకటి తగులుతుంది. స్టీలర్స్ సెంటర్ మైక్ వెబ్‌స్టర్ 2002లో చనిపోయాక అతని మెదడులోనే డాక్టర్ బెనెట్ ఒమాలు సి.టి.ఇ. (తలకి పదే పదే దెబ్బలు తగలడం వల్ల వచ్చే మెదడు జబ్బు) గుర్తించాడు. 2022లో ట్రైనింగ్ క్యాంపుల్లో లైన్‌మెన్‌కి హెల్మెట్ మీద గార్డియన్ క్యాప్ (మెత్తటి తొడుగు) తప్పనిసరి చేశారు, ఆ నిబంధన ప్రాక్టీస్ వరకే.

మిగతావి రెండు ముక్కల్లో. లాంగ్ స్నాపర్ (కిక్‌ల కోసం బంతిని దూరంగా వెనక్కి వదిలేవాడు): ఎక్కువ కాలం సాగే ఉద్యోగమే, కానీ టీమ్‌కి ఒక్కడు, దాన్ని ప్లాన్‌గా పెట్టుకోకూడదు. వేరే పొజిషన్ నుంచో వేరే ఆట నుంచో టాకిల్‌కి రావడం: జేసన్ పీటర్స్ (టైట్ ఎండ్, అంటే టాకిల్ పక్కన ఉండి పాస్‌లు కూడా పట్టేవాడు), జోర్డన్ మైలాటా (ఆస్ట్రేలియా రగ్బీ) చేసి చూపించారు. ఆ ఒళ్లు ఉంటే ఎవరూ సలహా అడగరు.

34 అంగుళాల చేతులు, వేగంగా వెనక్కి జరిగే కాళ్లు రెండూ ఉన్నవాణ్ని మాత్రం టాకిల్ నుంచి కదపొద్దు. కాకపోతే రైట్ టాకిల్ స్టాన్స్‌ని (నిలబడే తీరుని) మొదటి ఏడాదే మొదలుపెట్టాలి. ఏ కాలు వెనక, ఏ చెయ్యి ముందు, తుంటి ఎటు తెరవాలి అన్నీ తిరగబడతాయి, ఒక్క వారంలో రావు. స్వింగ్ టాకిల్ కుర్చీకి అడిగేది అదే.