వైపర్ కాక్‌పిట్‌లోని గుండ్రటి తెర: డీసీఎస్ ఎఫ్-16సీ సమీక్ష

ఈగిల్ డైనమిక్స్ సంస్థ డీసీఎస్ వరల్డ్ అనే యుద్ధవిమాన సిమ్యులేటర్ ఆట కోసం రూపొందించిన ఎఫ్-16సీ వైపర్ మాడ్యూలును (విడిగా కొనుక్కునే విమానాన్ని) శ్రీకాకుళంలోని మా ఇంటి మేడ గదిలో కొన్ని నెలలుగా నడుపుతున్నాను. విమానం ఎగిరే తీరు గురించీ దృశ్యాల అందం గురించీ ఇప్పటికే చాలామంది రాశారు. కాబట్టి ఆ జోలికి పోకుండా, మొదట నన్ను అన్నిటికన్నా ఎక్కువగా తికమకపెట్టి, ఆ తరువాత అంతగానూ ఆకట్టుకున్న రాడార్ వార్నింగ్ రిసీవర్ గురించి మాత్రమే రాస్తాను.

ఈ పరికరం తనంతట తాను ఏ తరంగాలనూ పంపదు. ఎదుటివారి రాడార్ మనపై ప్రసరింపజేసిన తరంగాలను పట్టుకుని, అది ఏ రకం రాడారో, ఏ దిక్కున ఉందో తెర మీద చూపుతుంది. తెర మీది అంకెలు సోవియట్, రష్యన్ విమాన విధ్వంసక క్షిపణి వ్యవస్థలకు నాటో వాడే ఎస్ఏ-6 వంటి పేర్ల నుంచి వచ్చినవి: 6 అంటే కుబ్, 10 అంటే ఎస్-300, 11 అంటే బుక్, 15 అంటే టోర్. మన సైన్యమూ వాడే షిల్కా వంటి విమాన విధ్వంసక శతఘ్నులకు 'ఏ' అక్షరం కనిపిస్తుంది. గుర్తు నెత్తిన టోపీ వంటి గీత ఉంటే అది ఎగురుతున్న విమానం. అన్నిటికన్నా ప్రమాదకరమైన దాని చుట్టూ డైమండ్ ఉంటుంది, క్షిపణిని ప్రయోగించినట్టు గుర్తిస్తే ఆ గుర్తు చుట్టూ వలయం మిణుకుమిణుకుమంటుంది. 'ఎం' కనిపించిందంటే క్షిపణి తన సొంత రాడార్‌తో మనల్ని వెతుక్కుంటూ వస్తోందన్నమాట. ఈ గుర్తులన్నీ స్కెచ్ పెన్నుతో రాసి మానిటర్ పక్కన అంటించుకుంటే, మా అమ్మ చూసి ఈ వయసులో ఎక్కాలేమిటని అడిగింది.

నేను ఎక్కువసార్లు పొరబడింది దూరం విషయంలో. గుర్తు తెర మధ్యకు జరిగితే శత్రువు దగ్గరకు వచ్చినట్టేనని చాలాకాలం అనుకున్నాను. నిజానికి ఆ స్థానం పరికరం అంచనా వేసిన ప్రమాద తీవ్రతను తెలుపుతుందే గాని మైళ్లను కాదు. రథసప్తమి నాడు అరసవల్లి మైకు మా వీధి చివరే మోగుతున్నట్టు వినిపించినంత మాత్రాన గుడి మా వీధిలోకి రాదు కదా. ఇది తెలియక, మధ్యలో 10 కనిపించగానే వెనుదిరిగిన రోజులున్నాయి, అంచున ఉన్న 6ను తేలికగా తీసుకుని కూలిపోయిన రోజులూ ఉన్నాయి.

లోపాలనాలో పరిమితులనాలో గాని, ఈ ఆటలో మిగ్-29, సుఖోయ్-27 యుద్ధవిమానాలు రెండింటికీ ఒకే 29 కనిపిస్తుంది. ఇగ్లా వంటి ఉష్ణాన్వేషక క్షిపణులు వస్తే ఈ తెర అసలు పలకదు, ఎందుకంటే వాటికి రాడార్ ఉండదు.

కొనే ముందు 14 రోజుల ఉచిత ట్రయల్ వాడుకోవడం మంచిది. మిషన్ ఎడిటర్‌లో ఒకే ఒక బుక్ దళాన్ని ఉంచి, కాల్పులు జరపవద్దని దానికి ఆదేశమిచ్చి, చుట్టూ నింపాదిగా తిరుగుతూ గుర్తు మారే తీరును చూడండి. ఈ ఆటలో ఉచితంగానే లభించే సుఖోయ్-25టీ విమానంలోని బెర్యోజా అనే ఇలాంటి హెచ్చరిక పరికరం అంకెలు చూపదు, దీపాలు వెలిగించి ముప్పు ఏ తరగతిదో మాత్రమే చెబుతుంది. దానితో పది గంటలు ఎగిరాక వైపర్ ఎక్కితే, ఆ చిన్న తెర ఎంత వివరం ఇస్తోందో తెలుస్తుంది.