పుట్టుమచ్చల మందు: అనంతపురంలో కొనేవాళ్లు జాగ్రత్త

ఉగాది దాటిన వారం అనంతపురం బస్టాండు దగ్గర ఒక దుకాణంలో 450 రూపాయలు పెట్టి పుట్టుమచ్చలు, పులిపిర్లు పోయే మందు కొన్నాను. బొటనవేలంత సీసా, దాంతో పాటు పంటిపుల్లలాంటి ప్లాస్టిక్ పుల్ల. అట్టపెట్టె మీద ఒకే ఆడమనిషి ముఖం రెండుసార్లు, ఒకసారి మచ్చతో, ఒకసారి మచ్చ లేకుండా. తయారీదారు చిరునామా లేదు, అందులో ఏమేం కలిపారో లేదు. అవి లేవని ఆస్పత్రిలో అడిగేదాకా నాకు తట్టనేలేదు.

మందు మా నాన్నకు. ఆయన అరికాలిలో, మడమకు కొంచెం ముందు కందిగింజంత నల్లమచ్చ. వేరుశనగ చేలల్లో చెప్పుల్లేకుండా తిరిగిన కాలు కదా, ఆనె అనుకున్నాం. ముల్లు విరిగి లోపల ఉండిపోయిందని అమ్మ అనేది. ఈమధ్య పెరిగినట్టు అనిపించి, క్యాన్సర్ లాంటిది కాదు కదా అని దుకాణదారుని అడిగాను కూడా. "అది ఎండకు ఆగలేని తెల్లవాళ్లకు వచ్చే జబ్బు సార్, మన చర్మానికి రాదు" అన్నాడు. అనంతపురం ఎండలో పుట్టి పెరిగినవాడికి ఆ మాట ఎంత నచ్చుతుందో చెప్పాలా!

నాలుగు రోజులు రాశాం. మంట, పొక్కు, ఆపైన నల్లటి పెచ్చు. పెచ్చు ఊడితే కింద లేత చర్మం కనబడింది, సంబరపడ్డాం. రెండు నెలలకు ఆ గాయం మానిన చోటే నలుపు మళ్లీ తేలింది. ఈసారి అంచులు సిరా ఒలికినట్టు ఉన్నాయి.

చర్మవ్యాధుల డాక్టరమ్మ అడిగిన మొదటి మాట, "పాత మచ్చ ఫొటో ఉందా?" అరికాలికి ఫొటో ఎవరు తీస్తారు? ఇలాంటి మందుల్లో చర్మాన్ని తినేసే ఆమ్లమో క్షారమో ఉంటుందట. మామూలు పుట్టుమచ్చను సగం కాల్చి వదిలితే అది తిరిగి మొలిచి, సూక్ష్మదర్శినిలో కూడా మెలనోమా అనే చర్మ క్యాన్సరును పోలి ఉండవచ్చు. నిజంగా మెలనోమాయే అయితే ఇంకా ఘోరం, పైపొర మాడిపోయి కింద అది దిగుతూనే ఉంటుంది. ఎన్ని మిల్లీమీటర్లు దిగిందన్న లెక్క మీదే చికిత్స ఆధారపడుతుంది. మనం ఆ లెక్కనే చెరిపేశామన్నమాట.

దుకాణదారుడి మాటలో సగం నిజం ఉంది. తెల్లచర్మం, ఎర్రజుట్టు, చిన్నప్పుడు ఎండకు కమిలి పొక్కులెక్కడం, ఒంటినిండా పుట్టుమచ్చలు, ఇవన్నీ మెలనోమా ముప్పును పెంచేవే. చర్మం మీద అడ్డంగా పాకే రకం, గడ్డలా లేచి త్వరగా లోతుకు దిగే రకం, పెద్దవయసులో ఎండ తిన్న ముఖం మీద వచ్చే రకం తెల్లవాళ్ల దేశాల్లో ఎక్కువ. నాలుగో రకం వేరు. అక్రల్ అంటారు. అరచేతిలో, అరికాలిలో, గోరు కింద వస్తుంది, ఎండతో దానికి పెద్దగా పని లేదు. మనలాంటి రంగువాళ్లకు మెలనోమా రావడమే అరుదు, వస్తే మాత్రం తరచుగా అక్కడే. గాయకుడు బాబ్ మార్లేకు 1977లో కాలివేలి గోరు కింద బయటపడింది. 1981లో 36 ఏళ్లకే పోయాడు.

ఇంట్లో ఎవరికైనా వచ్చిందా అనీ అడిగారు. మెలనోమా రోగుల్లో సుమారు 10 శాతం మందికి కుటుంబ చరిత్ర ఉంటుందట. కొన్ని కుటుంబాల్లో సీడీకేఎన్2ఏ అనే జన్యువులో లోపం తరాలుగా దిగుతుంది. మెలనోమాలో కనబడే బీరాఫ్, కిట్ అనే జన్యువుల్లో మార్పులు మాత్రం సాధారణంగా వారసత్వంగా వచ్చేవి కావు, ఆ కణితిలోనే పుడతాయి. కాబట్టి మా వంశంలో లేదని ధీమా పడటానికి లేదు.

గాయపుమచ్చ మొత్తాన్ని కోసి పరీక్షకు పంపారు. క్యాన్సర్ ఆనవాళ్లు లేవు, కాని అసలు మచ్చ ఏమిటో తేల్చలేమని నివేదికలో రాశారు. నాన్న మూడు నెలలకోసారి వెళ్లి కాలు చూపించుకోవాలి. పెరిగే మచ్చ, ఒక సగం ఇంకో సగంలా లేని మచ్చ, రెండు మూడు రంగులున్నది, 6 మిల్లీమీటర్లు దాటినది, గోరులో కొత్తగా వచ్చి వెడల్పయ్యే నల్లగీత, ఏది కనబడినా ముందు ఫొటో తీసి డాక్టరుకు చూపించండి. బ్యూటీ పార్లరులో కాల్పించుకోవడం కూడా ఇలాంటిదే, అక్కడ ముక్కను పరీక్షకు పంపేవారు ఉండరు.

పోయిన వారం ఆ దుకాణానికి వెళ్లి అడిగాను. బిల్లు చూపించమన్నాడు. బిల్లు ఇచ్చిందెప్పుడు? సీసాలు గల్లాపెట్టె పక్కనే వరుసగా ఉన్నాయి, ధర మాత్రం 500 అయింది.