షబ్బతాయ్ జ్వీ వెంట: ఇజ్మీర్, ఎదిర్నె, థెస్సలోనికి

1665లో ఆమ్‌స్టర్‌డామ్ నుంచి యెమెన్ దాకా యూదులు మెస్సీయ, అంటే దేవుడు పంపే రక్షకుడు, వచ్చేశాడని నమ్మారు. ఆయన పేరు షబ్బతాయ్ జ్వీ. 1626లో ఇప్పటి టర్కీలోని ఇజ్మీర్‌లో పుట్టాడు. 1666 సెప్టెంబర్ 16న ఎదిర్నెలో సుల్తాన్ నాలుగో మెహ్మద్ ఎదుట ఇస్లాం పుచ్చుకున్నాడు. ఊళ్లను ఇదే వరుసలో చూడండి: టర్కీలో ఇజ్మీర్, ఎదిర్నె, ఆ తర్వాత గ్రీసులో థెస్సలోనికి. తిరగేసి తిరిగితే కథ చెదిరిపోతుంది.

ముందు వీసా సంగతి. భారత పాస్‌పోర్టు మీద టర్కీ ఈ-వీసా రావాలంటే షెంగెన్ (గ్రీసు సహా చాలా యూరప్ దేశాలకు ఉమ్మడి వీసా), అమెరికా, బ్రిటన్, ఐర్లాండ్‌లలో ఒకదాని వీసా గానీ నివాస అనుమతి గానీ చెల్లుబాటులో ఉండాలి. థెస్సలోనికికి ఎలాగూ షెంగెన్ తప్పదు కాబట్టి ముందు అది తీసుకోవడమే మేలు. అమెరికా గ్రీన్‌కార్డు ఉన్న మనవాళ్లకు టర్కీ వరకు ఈ చిక్కు లేదు.

ఇజ్మీర్‌లో చూడాల్సింది కెమెరాల్టి బజారు. అందులో హవ్రా వీధి, అంటే సమాజమందిరాల (యూదుల ప్రార్థనామందిరాల) వీధి. కూరగాయలు, చేపల బళ్ల మధ్య గోడకు ఆనుకుని ఓ మామూలు తలుపు కనిపిస్తుంది, దాని వెనకే ప్రార్థనామందిరం. చాలామంది చూసుకోకుండా దాటిపోతారు. 1665 డిసెంబర్‌లో ఓ శనివారం, పోర్చుగీసు సమాజమందిరంలోకి రానివ్వకపోతే షబ్బతాయ్ గొడ్డలితో తలుపు పగలగొట్టింది ఈ చుట్టుపక్కలే. శనివారం యూదులు పని చేయకూడని విశ్రాంతి దినం, ఆనాడు గొడ్డలి ఎత్తడమంటే ధర్మశాస్త్రాన్ని అందరి ముందూ కాలదన్నడమే.

లోపల చూడాలంటే కొన్ని రోజుల ముందే పాస్‌పోర్టు కాపీతో అనుమతి అడగాలి, వెళ్లేటప్పుడు అసలుది చేతిలో ఉండాలి. శనివారం ప్రార్థనలు, ఆదివారం బజారులో చాలా దుకాణాలు మూత. వారం మధ్యలో పొద్దున్నే వెళ్లండి. బసకు బస్మనె స్టేషన్ దగ్గరి పాత హోటళ్లు చవక, బజారుకు నడక దూరం. గది చూశాకే డబ్బు కట్టండి. అల్సంజాక్ పేటలో ఖర్చు ఎక్కువైనా రాత్రి నిద్ర బాగుంటుంది.

మూడింటిలో నాకు ఎక్కువ విలువైనది ఎదిర్నె. ఇస్తాంబుల్ నుంచి బస్సులో సుమారు మూడు గంటలు. ఇక్కడ ఒక పొరపాటు జరుగుతుంది: ఊళ్లోని పెద్ద సమాజమందిరంలోనే షబ్బతాయ్ మతం మారాడనుకుంటారు. అది 1909లో తెరిచింది, పైకప్పు కూలి, బాగుచేశాక 2015లో మళ్లీ తెరుచుకుంది. అసలు చోటు తుంజా నది అవతల సరాయిచి, పాత రాజప్రాసాద శిథిలాలు. ప్రాసాదం 1877-78 రష్యా యుద్ధంలో పేలిపోయింది. అక్కడ నిలబడి, షబ్బతాయే మెస్సీయ అని చాటిన గాజా నాథన్ మాట తలుచుకోవాలి. లూరియా కాబలా, అంటే యూదు గురువు లూరియా చెప్పిన మార్మిక విద్య ప్రకారం, సృష్టి వేళ పగిలిన పాత్రల్లోని దైవిక వెలుగురవ్వలు పెంకుల్లో చిక్కుకున్నాయి. వాటిని విడిపించడానికి మెస్సీయే ఆ చీకట్లోకి దిగాలి, కాబట్టి మతమార్పిడి కూడా ఆయన పనేనని నాథన్ వాదించాడు. ఒక్క రాత్రయినా ఉండండి. కిర్క్‌పినార్ నూనె కుస్తీల వారంలో మాత్రం గది దొరకడం కష్టం.

థెస్సలోనికికి ఒక పూట చాలు. 1683లో షబ్బతాయ్‌ని నమ్మిన దాదాపు 300 కుటుంబాలు అక్కడ ముస్లింలయ్యాయి, వాళ్లే దొన్మెలు. వాళ్ల కోసం వాస్తుశిల్పి విటాలియానో పొసెల్లి 1902లో కట్టిన యెనీ జామీ మసీదులో యూదు చిహ్నమైన దావీదు నక్షత్రాలు చెక్కి ఉన్నాయి. 1923లో గ్రీసు, టర్కీల మధ్య జరిగిన జనాభా మార్పిడిలో వాళ్లు టర్కీకి వెళ్లిపోయారు. ఆ కట్టడంలో ఇప్పుడు ప్రదర్శనలు జరుగుతాయి, అవి లేని రోజుల్లో తలుపు మూసి ఉండొచ్చు, ముందే కనుక్కోండి.